చదివిన నర్సింగ్ కాలేజీ మూతపడింది, కాలిఫోర్నియాకు లైసెన్సు మార్చుకోవడం ఎలా?

శ్రావణి_ఐసీయూ (మార్చి 4)

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా కంటి మీద కునుకు లేదు. తెలిసినవారు దారి చూపిస్తారన్న ఆశతో రాస్తున్నాను.

నేను 2013లో ఫ్లోరిడాలో ఒక ప్రైవేటు కాలేజీలో రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ పూర్తి చేశాను. ఆ ఏడాదే నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసయ్యాను. అప్పటినుంచి ఇక్కడే పని, అందులో ఎక్కువ కాలం ఐసీయూలోనే. లైసెన్సు మీద ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు మావారికి శాన్ హోసేలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో పిల్లల బడులు తెరిచేలోపు అక్కడ ఉండాలి.

కాలిఫోర్నియా నర్సింగ్ బోర్డు దరఖాస్తు తెరిచి చూస్తే, ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, మార్కులు ఉన్న అధికారిక పత్రం) కాలేజీయే నేరుగా బోర్డుకు పంపాలని ఉంది. మా కాలేజీ 2016లో మూతపడింది. పాత నంబరుకు ఫోన్ చేస్తే పనిచేయడం లేదని వస్తోంది. మనసు ఆగక మొన్న ఆదివారం అక్కడికే వెళ్లాను. అద్దం తలుపు మీద కాలేజీ పేరు గీకేశారు కానీ, ఎండ తగలని చోట అక్షరాల ఆకారం ఇంకా కనిపిస్తోంది. ఆ తలుపు ముందు నిలబడితే, నేను చదివిన చదువుకు సాక్ష్యం చెప్పేవారే లేరనిపించింది.

నా దగ్గర ట్రాన్స్‌క్రిప్ట్ విద్యార్థి ప్రతి (విద్యార్థి చేతికే ఇచ్చే నకలు) ఒకటి ఉంది, డిప్లొమా ఉంది. అవి చాలవా? కాలేజీ లేదు కాబట్టి ఉన్న లైసెన్సుకు కూడా ఏమైనా అవుతుందా?


పాత_నర్సు (మార్చి 4)

అమ్మా శ్రావణీ, ముందు ఆ చివరి భయం వదిలేయండి. మీ లైసెన్సుకు ఏమీ కాదు. మీరు చదివే రోజుల్లో ఆ కోర్సుకు ఫ్లోరిడా బోర్డు ఆమోదం ఉంది, మీరు పట్టా పుచ్చుకున్నారు, పరీక్ష పాసయ్యారు. అక్కడితో ఆ లెక్క ముగిసింది. మూడేళ్ల తరువాత యాజమాన్యం తలుపులు మూసుకుంటే మీరు చదివిన చదువు వెనక్కి పోదు. చూసేది మీరు పట్టా పొందిన నాటి ఆమోదాన్నే.

రెండోది, మళ్లీ పరీక్ష రాయనవసరం లేదు. ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉన్న నర్సు ఇంకో రాష్ట్రంలో పరీక్ష లేకుండా లైసెన్సు తీసుకోవడాన్నే ఎండార్స్‌మెంట్ అంటారు. అందరం బదిలీ అంటాం కానీ నిజానికి ఏదీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లదు. ఫ్లోరిడా లైసెన్సు అలాగే ఉంటుంది, కాలిఫోర్నియా తనదొకటి కొత్తగా ఇస్తుంది. అందుకే కాలిఫోర్నియా మీ చదువును తన కళ్లతో మళ్లీ చూడాలంటుంది.

లైసెన్సు ధ్రువీకరణ సులువు. నర్సుల లైసెన్సులను ధ్రువీకరించే నర్సిస్ వెబ్‌సైటులో 30 డాలర్లు కడితే ఫ్లోరిడాలో మీ లైసెన్సు స్థితి ఎలా ఉందో కాలిఫోర్నియా బోర్డుకు కనిపిస్తుంది. చిక్కంతా ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గరే. దానికీ దారి ఉంది. కాలేజీ పోయినా కాగితాలు పోవు. వాటిని ఎవరో ఒకరికి అప్పగించే ఉంటారు. ఫ్లోరిడాలో మూతపడిన ప్రైవేటు కాలేజీల రికార్డుల కోసం మొదట అడగవలసింది రాజధాని తలహసీలో రాష్ట్ర విద్యాశాఖ కింద ఉన్న స్వతంత్ర విద్యా కమిషన్‌ను. రేపు ఉదయమే ఫోన్ చేయండి.


డాలస్_ఆర్‌ఎన్ (మార్చి 4)

అక్కా, ఫ్లోరిడా లైసెన్సు మల్టీస్టేట్ (ఒకే లైసెన్సు చాలా రాష్ట్రాల్లో చెల్లేది) కదా? దానితోనే అక్కడ పని చేయవచ్చేమో చూడండి. నేను టెన్నెసీ లైసెన్సుతోనే టెక్సస్‌లో చేరాను.


పాత_నర్సు (మార్చి 4)

తమ్ముడూ, ఆ సలహా కాలిఫోర్నియాకు పనికిరాదు. మల్టీస్టేట్ లైసెన్సును పరస్పరం ఒప్పుకునే ఒప్పందంలో నలభైకి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఉన్నాయి కానీ కాలిఫోర్నియా లేదు. న్యూయార్క్, ఒరెగాన్, ఇల్లినాయ్ కూడా లేవు. ఫ్లోరిడా మల్టీస్టేట్ లైసెన్సుతో శాన్ హోసేలో ఒక్క షిఫ్టు చేసినా లైసెన్సు లేకుండా పని చేసినట్టే.

మీ సంగతి కూడా చూసుకోండి. టెన్నెసీ నుంచి టెక్సస్‌కు కాపురం మార్చారా, లేక కొద్దికాలం పనికి వచ్చారా? 2024 జనవరి 2 నుంచి నిబంధన మారింది. ఒప్పందంలో ఉన్న రాష్ట్రం నుంచి ఇంకో ఒప్పంద రాష్ట్రానికి ఇల్లు మారితే, 60 రోజుల్లోపు కొత్త రాష్ట్రంలో మల్టీస్టేట్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి.


డాలస్_ఆర్‌ఎన్ (మార్చి 5)

ఇల్లు మారి నలభై రోజులు దాటింది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజే దరఖాస్తు పెడతాను. మీకు రుణపడి ఉంటాను.


రికార్డు_గది (మార్చి 5)

నేను నర్సును కాదు. ఒక కాలేజీ రిజిస్ట్రార్ కార్యాలయంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. మూతపడిన రెండు కాలేజీల రికార్డులు మా దగ్గర ఉన్నాయి. ఇలాంటి ఫోన్లు నెలకు పదైనా వస్తాయి, అవతల ఏడుస్తూ మాట్లాడేవారే ఎక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మూతపడిన కాలేజీ రికార్డులను భద్రపరిచే సంస్థను కస్టోడియన్ అంటారు. అది రాష్ట్ర విద్యాశాఖ కావచ్చు, అదే యాజమాన్యం నడిపే ఇంకో కాలేజీ కావచ్చు, చివరి విద్యార్థులను చేర్చుకుని చదువు పూర్తి చేయించిన పక్క కాలేజీ కావచ్చు. ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చోట ఉంటుంది. కాలిఫోర్నియాలో మూతపడిన ప్రైవేటు కాలేజీ అయితే శాక్రమెంటోలోని ప్రైవేటు ఉన్నత విద్యా బ్యూరోను అడగాలి. శ్రావణి గారు ఫ్లోరిడాలో చదివారు కాబట్టి ఫ్లోరిడానే అడగాలి. వెళ్లే రాష్ట్రాన్ని అడిగి నెలలు పోగొట్టుకున్నవారిని చూశాను.

అక్కడ దొరకలేదని చెబితే అంతటితో ఆగిపోకండి. ఫ్లోరిడా నర్సింగ్ బోర్డుకు రాయండి. 2013లో మీరు పరీక్షకు దరఖాస్తు పెట్టినప్పుడు, మీరు కోర్సు పూర్తి చేశారని కాలేజీ బోర్డుకు తెలియజేసే ఉంటుంది. పాత ఫైలులో ఉన్న చదువు కాగితాలకు ధ్రువీకరించిన ప్రతులు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అన్ని బోర్డులూ ఇస్తాయని చెప్పలేను, అడగడం మాత్రం మానకండి. డిగ్రీ వచ్చిన తేదీ రుజువుకు, కాలేజీల నుంచి విద్యార్థుల డిగ్రీ వివరాలు సేకరించి ఉంచే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్‌లోనూ వెతకండి. అందులో మార్కులు ఉండవు కానీ ఫలానా రోజున డిగ్రీ ఇచ్చారని ఉంటే అదీ ఒక ఆధారమే.

ఇక అసలు విషయం. మన తెలుగువాళ్ల రికార్డులు దొరకకపోవడానికి నేను చూసిన పెద్ద కారణం పేర్లు. ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి గుమస్తా దాన్నే అసలు పేరనుకుంటాడు. తండ్రి పేరు మధ్యలో చేరుతుంది. పొడవైన పేరు అయితే గడిలో పట్టక చివర తెగిపోతుంది. పెళ్లి తరువాత ఇంకో ఇంటిపేరు. కస్టోడియన్ దగ్గర ఉద్యోగి మీరు ఇచ్చిన పేరు కొట్టి చూస్తాడు, రాకపోతే లేదంటాడు. అది లేనట్టు కాదు. పాత ఇంటిపేరు, కొత్త ఇంటిపేరు, ముందువెనుకలైన పేరు, మూడూ రాసి ఇవ్వండి. పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, చదివిన ఊరు, చేరిన ఏడాది, ముగించిన ఏడాది రాయండి. పేరు మారినట్టు చూపే పెళ్లి ధ్రువపత్రం జత చేయండి.


ఫీనిక్స్_స్వాతి (మార్చి 5)

నా అనుభవం వేరు. మా కాలేజీ సీలు వేసి ఇచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ కవరు ఒకటి పదేళ్లుగా నా దగ్గరే ఉంది. విప్పకుండా అలాగే పంపితే అరిజోనా బోర్డు తీసుకుంది. శ్రావణి గారూ, మీరూ ఉన్న ప్రతి పంపి చూడండి, పోయేదేముంది?


పాత_నర్సు (మార్చి 5)

స్వాతి గారూ, మీది సీలు విప్పని కవరు, ఆమె దగ్గర ఉన్నది విద్యార్థి ప్రతి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. పైగా ఒక బోర్డు ఒప్పుకున్నది ఇంకో బోర్డు ఒప్పుకోవాలని లేదు. కాలిఫోర్నియా బోర్డు అయితే, ట్రాన్స్‌క్రిప్ట్ చదివించిన చోటి నుంచో, కస్టోడియన్ నుంచో నేరుగా రావాలంటుంది. పోయేది సమయం. సరిపడని కాగితం పంపితే అది సరిపోదని వారు చెప్పేసరికే వారాలు గడిచిపోతాయి.


మయామీ_గౌరి (మార్చి 6)

ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉంది. శ్రావణిని భయపెట్టాలని కాదు, ముందే సిద్ధంగా ఉంటుందని చెబుతున్నాను.

2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ బయటపడింది. దక్షిణ ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ల పేర్లతో 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు, ట్రాన్స్‌క్రిప్టులు అమ్మారని ఫెడరల్ అధికారులు 25 మందిపై అభియోగాలు పెట్టారు. కొన్నవారిలో సుమారు 2,400 మంది ఎన్‌క్లెక్స్ కూడా పాసయ్యారు. ఆ మూడు స్కూళ్లూ మూతపడినవే. అప్పటినుంచి మూతపడిన ఫ్లోరిడా స్కూలు అనగానే వేరే రాష్ట్రాల బోర్డులు ఒకటికి రెండుసార్లు చూస్తున్నాయి. రోగి ప్రాణం చేతిలో పెట్టేటప్పుడు అలా చూడడం న్యాయమే. కానీ నిజంగా చదివిన నాలాంటివారు ఆ చూపును భరించవలసి వచ్చింది.

నాది ఆ మూడింటిలో ఒకటి కాదు. అయినా వేరే రాష్ట్రం బోర్డు నన్ను చదువుకు అదనపు రుజువులు అడిగింది. క్లినికల్ డ్యూటీలు ఏ ఆసుపత్రుల్లో, ఎన్ని గంటలు చేశానో రాసి ఇమ్మన్నారు. ఫీజు కట్టిన రశీదులు, ఆ రెండేళ్లూ అద్దెకు ఉన్న ఇంటి ఒప్పందం, బ్యాంకు లెక్కలు, ఆ ఏళ్ల విద్యా రుణం కాగితాలు, అన్నీ తీశాను. నా చిన్న నోటు పుస్తకం ఒకటి దొరికింది. ప్రతి డ్యూటీ తరువాత బోధకురాలు పొట్టి సంతకం పెట్టేవారు. ప్రసూతి వార్డు పేజీలో అయోడిన్ మరక అలాగే ఉంది. ఆ పుస్తకం స్కాన్ చేసి పంపాను. ఆరు వారాలకు ఫైలు ముందుకు కదిలింది.

చెల్లీ, మీ కాగితాల పెట్టె ఒకసారి వెతకండి. అడగకపోతే మంచిదే, అడిగిన రోజున వెతుక్కోవద్దు. అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు రాయండి. గుర్తులేని తేదీని ఊహించి రాయడం వంటి పొరపాటు చేయకండి, అదే రేపు అబద్ధమై కూర్చుంటుంది.


శ్రావణి_ఐసీయూ (మార్చి 7)

ఇన్ని సంగతులు చెప్పిన అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న తలహసీకి ఫోన్ చేశాను. నా ప్రస్తుత పేరుతో ఏమీ లేదన్నారు. రికార్డు_గది గారు చెప్పినట్టు మూడు పేర్లూ రాసి, పెళ్లి ధ్రువపత్రంతో కలిపి పంపాను. గౌరి అక్కా, పెట్టె దించాను. ఐసీయూ డ్యూటీ షీట్లు, 2012 నాటి గుర్తింపు కార్డు దొరికాయి.


విజయవాడ_కోడలు (మార్చి 9)

మాది ఇంకో రకం చిక్కు. నేను 2009లో తెలంగాణలోని ఒక కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఇప్పుడు ఆ కాలేజీ లేదు. టెక్సస్‌లో లైసెన్సు ఉంది, కాలిఫోర్నియాకు ప్రయత్నిస్తున్నాను. విదేశాల్లో చదివినవారికి ఒక ఫారం ఇస్తారు. ఒక్కో సబ్జెక్టులో పాఠం ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని కాలేజీ నింపి పంపాలట. లేని కాలేజీ ఎలా నింపుతుంది?


పాత_నర్సు (మార్చి 9)

అమ్మా, మీకు డిగ్రీ ఇచ్చింది కాలేజీ కాదు, విశ్వవిద్యాలయం. అదే మీ బలం. రాష్ట్ర విభజనకు ముందు తెలంగాణ నర్సింగ్ కాలేజీలు కూడా విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. వరంగల్‌లో కాళోజీ విశ్వవిద్యాలయం వచ్చింది విభజన తరువాతే. కాబట్టి 2009 పట్టాకు విజయవాడకే వెళ్లాలి. చాలామంది కాలేజీ తెలంగాణలో ఉంది కదా అని వరంగల్ వెళ్లి తిరిగివస్తారు.

మార్కుల రికార్డు, ఆనాటి సిలబస్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంటాయి. కాలేజీ మూతపడిన సంగతి లేఖలో రాయించి, ఫారం విశ్వవిద్యాలయమే నింపి పంపేలా అడగండి. అక్కడ తిరగడానికి మీవాళ్లలో ఒకరికి అధికార పత్రం రాసి ఇవ్వండి. మీరు మొదట నమోదైన నర్సింగ్ కౌన్సిల్ ధ్రువీకరణ వేరే అడుగుతారేమో కూడా చూసుకోండి.

ఒక హెచ్చరిక. కాలిఫోర్నియా పాఠమూ క్లినికలూ ఒకే కాలంలో జరిగాయా అని పట్టుబట్టి చూస్తుంది. ప్రసూతి పాఠం ఒక ఏడాది, వార్డు డ్యూటీ మరో ఏడాది అని ఫారంలో పడితే అభ్యంతరం వస్తుంది. జరిగింది ఏదో అదే రాయించాలి, కానీ గుమస్తా అజాగ్రత్త వల్ల తప్పు తేదీ పడకుండా పంపేముందు ఎవరైనా ఒకసారి చదవాలి.


విజయవాడ_కోడలు (మార్చి 10)

మా నాన్నగారు విజయవాడలోనే ఉంటారు. సోమవారమే వెళ్తానన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి, నా మార్కుల మెమోలన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరుసగా పెట్టి సిద్ధంగా ఉన్నారు.


ఒహాయో_అన్న (మార్చి 14)

మా చెల్లెలు చదువుతూ ఉండగానే స్కూలు మూశారు. ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నాయి. ఆమె రుణం రద్దవుతుందా?


రికార్డు_గది (మార్చి 14)

మూసిన రోజున చదువుతూ ఉన్నా, అంతకు ముందు 180 రోజుల్లోపు మానేసినా, ఫెడరల్ విద్యా రుణం రద్దుకు అడగవచ్చు. ప్రైవేటు బ్యాంకు రుణానికి ఇది వర్తించదు. కోర్సు ముగించి పట్టా పుచ్చుకున్నవారికీ వర్తించదు, శ్రావణి గారి వంటివారు ఆశ పెట్టుకోవద్దు. ఇంకో స్కూలు ఆమోదం పొందిన ఏర్పాటు కింద మీ చెల్లెలి చదువు పూర్తి చేయిస్తే ఆ రద్దు అవకాశం పోతుంది. ఆమెకు డిగ్రీ ముఖ్యమా, రుణం పోవడం ముఖ్యమా అన్నది కూర్చుని ఆలోచించుకోండి. ఏది ఎంచుకున్నా, కస్టోడియన్ ఎవరో స్కూలు గుమస్తా ఉండగానే కనుక్కుని ఇప్పుడే రెండు అధికారిక ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోమనండి. సబ్జెక్టుల వివరణ ఉన్న కాలేజీ కేటలాగు కూడా దాచుకోమనండి. చాలాచోట్ల కస్టోడియన్ దగ్గర మార్కులు ఉంటాయి కానీ సిలబస్ ఉండదు. క్రెడిట్లు బదిలీ చేసేటప్పుడు అదే అడుగుతారు.


శ్రావణి_ఐసీయూ (ఏప్రిల్ 22)

దొరికింది! నా ఇంటిపేరును అసలు పేరుగా, నా పేరును ఇంటిపేరుగా ఎక్కించుకుని ఉన్నారు. పైగా ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గింది. ఫోనులో తలహసీ ఉద్యోగిని నా పుట్టిన తేదీ చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. తొమ్మిదేళ్లు ఎవరూ తెరవని ఫైలులో నా మార్కులు అలాగే ఉన్నాయి. ఆమెకు బోర్డు ఫారం పంపాను, నేరుగా కాలిఫోర్నియాకే పంపుతామన్నారు.

వేలిముద్రల విషయం ఒకటి అడగాలి. ఇక్కడే సిరా కార్డు మీద ఇచ్చి పంపనా?


పాత_నర్సు (ఏప్రిల్ 22)

చాలా సంతోషం అమ్మా. కార్డు పంపినా చెల్లుతుంది కానీ ఆలస్యం ఎక్కువ, గీతలు సరిగా పడకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. ఇల్లు చూసుకోవడానికి ఎలాగూ శాన్ హోసే వెళ్తారు కదా, ఆ వెళ్లినప్పుడు లైవ్ స్కాన్ (సిరా లేకుండా యంత్రం మీద తీసే వేలిముద్రలు) చేయించుకోండి. అది కాలిఫోర్నియాలో ఉంటేనే కుదురుతుంది. తాత్కాలిక లైసెన్సుకు కూడా అదే దరఖాస్తులో అడగండి, దానికి వేరే రుసుము ఉంటుంది. ఫ్లోరిడా లైసెన్సు గడువు తీరనివ్వకండి. కొత్తది చేతికి వచ్చేదాకా పాతది బతికి ఉండాలి.


మయామీ_గౌరి (ఏప్రిల్ 23)

పేరు తేడా గురించి బోర్డుకు ముందే ఒక లేఖ పెట్టు చెల్లీ. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఒక పేరు, లైసెన్సులో ఇంకో పేరు చూస్తే దాన్ని ఏ ఫైలుకు చేర్చాలో తెలియక పక్కన పెడతారు.


విజయవాడ_కోడలు (మే 30)

నాన్నగారు నాలుగుసార్లు తిరిగారు. మూడోసారి నింపిన ఫారంలో పిల్లల వార్డు డ్యూటీ ఏడాది తప్పు పడింది. నాన్నగారు నా మెమోతో సరిచూసి అక్కడే దిద్దించారు. నిన్న విశ్వవిద్యాలయం ముద్రతో కొరియర్ బయలుదేరింది.


శ్రావణి_ఐసీయూ (జూలై 11)

ఈ రోజు మధ్యాహ్నం బోర్డు వెబ్‌సైటులో నా పేరు కొట్టి చూశాను. పక్కన లైసెన్సు నంబరు ఉంది. అదనపు రుజువులు అడగలేదు. లైవ్ స్కాన్ మే నెలలో చేయించాను, ట్రాన్స్‌క్రిప్ట్ జూన్ మొదటి వారంలో చేరింది, లైసెన్సు జూలైలో వచ్చింది. ముందు కస్టోడియన్‌ను పట్టుకుని ఆ తరువాత దరఖాస్తు ఫీజు కట్టి ఉంటే ఇంకా నిశ్చింతగా ఉండేదాన్నేమో. నేను ఫీజు ముందే కట్టేశాను.

నాతో చదివిన ఎనిమిది మందికి తలహసీ నంబరు పంపాను. ముగ్గురికి అసలు రికార్డులు ఎక్కడున్నాయో తెలియదు. వారు ఇప్పట్లో ఎక్కడికీ వెళ్లడం లేదు, అయినా తెప్పించుకుంటున్నారు.


కొత్త_సభ్యురాలు_17 (జూలై 12)

నేనూ ఫ్లోరిడాలోనే చదివాను, కాలేజీ మూతపడింది. నా పేరుతో రికార్డు లేదని ఈ రోజే చెప్పారు.


రికార్డు_గది (జూలై 12)

ఏ పేరుతో అడిగారు? పెళ్లికి ముందు ఇంటిపేరు, మీ పేరు ముందువెనుకలు చేసి మళ్లీ అడగండి. ఒక అక్షరం తప్పుగా కూడా వెతకమనండి. అప్పటికీ లేదంటే ఇక్కడ రాయండి, బోర్డుకు పెట్టవలసిన లేఖ కలిసి రాద్దాం.